రేపటి పాలపిట్ట

భూమ్మీది ప్రాణికోటినంతా వామన్‌రావు ఒకే జాతి కింద కట్టేశాడు. ఆ జాతి పేరు గాడిద. అందులో కొన్నిటికి నాలుగు కాళ్ళు, కొన్నిటికి రెండు, కొన్నిటికి రెక్కలు, కొన్నిటికి ప్రమోషన్లు. అంతకు మించిన తేడా ఆయనకు ఏనాడూ కనబడలేదు.

అబిడ్స్ దగ్గర ఒక సర్కారు దఫ్తరులో ఆయన హెడ్ క్లర్కు. నిజాం జమానాలో ఉర్దూలో చదివి, ఇంగ్లీషులో నోట్లు రాసి, తెలుగులో తిట్టే తరం. ముఖం మీద గాడిద అన్నాడంటే ఆ మనిషి మీద కోపం లేదని దఫ్తరులో అందరికీ తెలుసు. నిజంగా కోపం వస్తే మాట్లాడడు. కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుంటాడు. నిన్ను స్పష్టంగా చూడాల్సిన ఖర్మ నాకు లేదని దాని అర్థం.

ఇల్లు నాంపల్లి స్టేషను వెనక గల్లీలో. దఫ్తరు నుంచి తాపీగా నడిచినా అరగంట పట్టదు. కాని నడిచేవాళ్ళంటే ఆయనకు చిన్నచూపు. అందుకని అంతకు రెట్టింపు సేపు బస్టాపులో నిలబడి, చెమట వాసనల మధ్య కడ్డీకి వేలాడి, నలిగిన షేర్వాణీతో గౌరవంగా దిగేవాడు. ఈ రాకపోకల్లో జంతుజాలంతో ఆయనకు జరిగిన ఘర్షణలు రాస్తే ఒక పర్వమవుతుంది. మొజంజాహీ మార్కెట్ దగ్గర తమలపాకులు బేరమాడుతుంటే, బేరం తెగేలోపల చేతిలోని కట్ట సగం ఒక మేక నోట్లోకి పోయింది. మేకగలవాడికి ఆయన చట్టం బోధించాడు. ఆలోగా మేక మిగతా సగం కూడా ముగించింది. గల్లీ మొగలో ఉండే కుక్క వచ్చేపోయేవాళ్ళందరినీ వదిలేసి, ఈయనను మాత్రం రోజూ మొరుగుతూ ఇంటిదాకా సాగనంపేది. దానికి మనిషి విలువ తెలియదనేవాడు వామన్‌రావు. తెలుసునేమోనని గల్లీవాళ్ళ అనుమానం.

ఇక ఇంట్లో చిలుక. భార్య సౌభాగ్య ముచ్చటపడి పెంచుకున్నది. రోజూ అన్నం ముందు కూర్చుని వామన్‌రావు దఫ్తరు పురాణం విప్పేవాడు. ఆ పురాణంలో పాత్రలందరికీ పేరు ఒక్కటే కాబట్టి చిలుకకు కంఠస్థం చేయడం సులువైంది. రెండేళ్ళ కిందట, కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చిన కొత్త ఆఫీసరు మర్యాదకు వాళ్ళింటికి చాయ తాగడానికి వచ్చాడు. గడప దాటుతుండగా లోపల నుంచి "రా గాడిదా, కూసో" అని వినబడింది. గొంతు అచ్చంగా వామన్‌రావుదే. ఆఫీసరు నవ్వి, కూర్చుని, చాయ సగంలో వదిలేసి లేచాడు. కొన్నాళ్ళకు సూపరింటెండెంటు కుర్చీ ఖాళీ అయింది. అది వామన్‌రావును దాటుకుని వేరెవరి కిందికో వెళ్ళింది. మరుసటి ఏడు మళ్ళీ ఖాళీ అయింది, మళ్ళీ దాటుకుని వెళ్ళింది.

కొంప ముంచింది చిలుక నోరేనని సౌభాగ్య నిశ్చయం. వామన్‌రావు నిశ్చయం వేరు. అది నలుగురిలో చెప్పుకోగలిగింది కాదు.

దసరా నాడు పాలపిట్ట కనబడితే ఏడాదంతా పట్టిందల్లా బంగారమని ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ సాయంత్రం ఊరంతా కొత్తబట్టలు కట్టుకుని మైదానాలకు పోయి ఆకాశం కేసి చూస్తుంది. నీలిరెక్కలు తళుక్కుమనగానే చేతులు జోడిస్తుంది. జమ్మి ఆకు బంగారమని ఒకరికొకరు పంచుకుని ఇంటికి వస్తుంది. వామన్‌రావు ఏటేటా పండుగకు ముందు దఫ్తరులో దీని మీద ఒక ఉపన్యాసం ఇచ్చేవాడు. పిట్ట ఎగిరితే ఫైలు కదులుతుందా అని అడిగేవాడు. చదువుకున్న గాడిదలు కూడా మెడలు పైకెత్తుకుని నిలబడితే దేశం కిందికి పోక ఏమవుతుందనేవాడు. ఉపన్యాసం అయ్యాక, పండుగ సాయంత్రం, గాలి పీల్చుకొస్తానని ఇంట్లో చెప్పి, గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకుని, స్టేషను అవతలి మైదానం అంచున నిలబడేవాడు. పిట్ట కనబడితే గాని కదిలేవాడు కాదు.

అదివరకు ఏటేటా కనబడింది. పోయిన రెండేళ్ళే కనబడలేదు. చెట్లు పోయి తీగలొచ్చాయి, తీగల మీద కాకులొచ్చాయి. ఆ రెండేళ్ళే కుర్చీ తప్పింది. కోర్టులో పెడితే నిలిచే రుజువు.

ఇప్పుడు మూడోసారి కుర్చీ ఖాళీ. వచ్చే ఏడు వామన్‌రావుకు రిటైర్మెంటు. ఇది పోతే హెడ్ క్లర్కుగానే ఇంటికి పోవాలి, హెడ్ క్లర్కుగానే గల్లీలో కూరగాయలు కొనాలి. పోటీకి ఉన్నది బాలకిషన్ ఒక్కడే. వామన్‌రావు చేతి కింద నోటు రాయడం నేర్చుకున్నవాడు. మెత్తటి మనిషి. సార్ గాడిద అంటే దీవెనగా పుచ్చుకునేవాడు. అటువంటి వాడి కింద కూర్చోవడం కన్నా ఆ మేక కింద కూర్చోవడం నయమని వామన్‌రావు అనుకునేవాడు.

ఇంత ముఖ్యమైన సంవత్సరంలోనే పండుగ రెండుగా చీలింది. పంచాంగం ప్రకారం దశమి బుధవారం మధ్యాహ్నం వచ్చి, గురువారం పొద్దెక్కకముందే వెళ్ళిపోతోంది. సాయంత్రం దశమి ఉన్న రోజే దసరా కాబట్టి బుధవారమే పండుగని గల్లీ తేల్చింది. సర్కారు సెలవు మాత్రం గురువారం. బుధవారం పొద్దున సౌభాగ్య తలంటు నీళ్ళు పెట్టి, సెలవు పెట్టమని చెప్పి చూసింది. వామన్‌రావు షేర్వాణీ గుండీలు పెట్టుకుంటూ, సర్కారు సెలవిచ్చిన నాడే పండుగ, పంచాంగం చూసే అయ్యగారు చెప్పిన నాడు కాదని కొట్టిపారేశాడు. దఫ్తరులో బాలకిషన్ కూడా ఆ మాటే నసిగాడు.

"మా అయ్యగారు గూడ ఇయ్యాల్నే అన్నరు సార్."

"మీ అయ్యగారు గెజిట్ చదువుతడా?"

"చదువడు సార్."

"మరింకేంది?"

దీని వెనక వామన్‌రావు తర్కం ఒకటుంది. ప్రమోషను ఇచ్చేది సర్కారు. కాబట్టి సర్కారు వారి దసరా నాడు చూసిన పిట్టే ప్రమోషనుకు పనికొస్తుంది. అయ్యగారి దసరా నాడు చూసిన పిట్ట ఏమిస్తుంది, మహా అయితే ఆయుష్షు ఇస్తుంది. ఆ తర్కంలో తప్పు పట్టగలవాడు దఫ్తరులో లేడు. ఎందుకంటే ఆయన దాన్ని ఎవరికీ చెప్పలేదు.

ఇక మైదానాన్నీ కాకులనూ నమ్ముకుంటే లాభం లేదనుకున్నాడు. మొజంజాహీ మార్కెట్ పక్కన, పండుగ రోజుల్లో, పిట్టలు పట్టే రాజయ్య కూర్చుంటాడు. బుట్ట మీద నల్లబట్ట కప్పి ఉంటుంది. చేతిలో నాణెం పెడితే బట్ట ఎత్తి పాలపిట్టను చూపిస్తాడు. మైదానం దాకా పోయే ఓపిక లేని షావుకార్లు అక్కడే ఆ పుణ్యం కాస్తా కట్టుకుని పోతారు. వామన్‌రావు ఒక పిట్టను రాత్రికి కిరాయికి తెచ్చుకుని, గురువారం పొద్దున, తన ఇంట్లో, తలుపులు వేసుకుని, ఉపన్యాసాలకు భంగం రాకుండా చూసుకోవాలనుకున్నాడు. ఒక్కటే నియమం. అప్పటిదాకా దాన్ని చూడకూడదు. ముందురోజే చూస్తే ఆ చూపు ఖర్చయిపోతుంది.

బుధవారం సాయంత్రం ఆయన రాజయ్య ముందు నిలబడ్డాడు. ముందు అంటే వీపు రాజయ్య వైపు, ముఖం పండ్ల దుకాణాల వైపు. రాజయ్య అలవాటు కొద్దీ బట్ట మీద చెయ్యి వేశాడు.

"ఎత్తకు. రేపు చూస్త."

"రేపు చూస్తే ఏమొస్తది సారూ? పండుగ ఇయ్యాలాయె."

"నీకు చెప్పినోడెవడు?"

"ఊరంత చెప్తున్నది."

ఊరంతటి మీదా తన అభిప్రాయం ఏమిటో వామన్‌రావు దానిమ్మపండ్ల కుప్పకు విన్నవించాడు. బేరం సాగినంతసేపూ ఆయన ఇటు తిరగలేదు. సారుకు కండ్లు మంచిగ లేవేమోనని రాజయ్య జాలిపడ్డాడు గాని, కిరాయి మాత్రం కళ్ళున్నవాడి దగ్గర తీసుకున్నట్టే తీసుకున్నాడు. పిట్టను మూతబుట్టలో పెట్టి, రెక్కలకు దారం కట్టి ఉంది, విప్పొద్దు, రేపు నాకు వాపస్ ఇయ్యాలె అని అప్పగించాడు. బుట్ట వామన్‌రావు దఫ్తరు సంచిలోకి పోయింది.

బస్సు నిండా పండుగ. కొత్తబట్టల గంజి వాసన, జమ్మికొమ్మలు, నుదుట కుంకుమలు. ఒక రోజు ముందే దసరా చేసుకుంటున్న జనాన్ని చూసి వామన్‌రావు కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎంత తప్పించుకుందామనుకున్నా బాలకిషన్ అదే బస్సులో ఉన్నాడు. సార్‌ను చూడగానే లేచి తన సీటిచ్చి, పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. వామన్‌రావు సంచి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసి, పెళ్ళిచూపుల్లో పెళ్ళికూతురిలా తల దించుకుని కూర్చున్నాడు.

పాలపిట్ట అందానికి, గొంతుకు సంబంధం లేదు. తుప్పుపట్టిన తలుపు తీసినట్టు అరుస్తుంది. బస్సు కదలగానే సంచిలోంచి ఆ తలుపు తెరుచుకుంది. టికెట్లు కొడుతూ వచ్చిన కండక్టరు ఆగాడు.

"ఏమున్నయి సార్ సంచిల?"

"ఫైళ్ళు."

"ఫైళ్ళు గిట్ల ఒర్రుతయా?"

పాత ఫైళ్ళని వామన్‌రావు చెప్పాడు. కండక్టరు సర్కారు నౌకరే కాబట్టి పాత ఫైళ్ళ సంగతి తనకూ తెలుసన్నట్టు తలూపి ముందుకు పోయాడు. బాలకిషన్ మాత్రం సంచి వైపు ఆందోళనగా చూశాడు. సార్ ఇంటికి కూడా పని మోసుకుపోతున్నాడే అని అతని బాధ.

నాంపల్లి స్టేషను ఇంకా రాకముందే, నడిరోడ్డు మీద ఒక బర్రె కూర్చుని నెమరేస్తోంది. ఈ నగరంలో రోడ్లు ఎవరి కోసం వేశారో దానికి ఏ అనుమానమూ లేదు. డ్రైవరు ఆఖరు క్షణంలో దాన్ని చూసి బ్రేకు తొక్కాడు. జనమంతా ఒక్కసారి ముందుకు ఒరిగారు. సంచి వామన్‌రావు ఒళ్ళోంచి జారి కింద పడింది, బుట్ట మూత ఊడింది, దారం ఎక్కడో తెగింది. బస్సు లోపల నీలంగా ఏదో భగ్గుమంది.

వామన్‌రావు చప్పున కళ్ళు మూసుకున్నాడు.

ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన ఇంత త్వరగా ఏ నిర్ణయమూ తీసుకోలేదు. చుట్టూ "పాలపిట్ట, పాలపిట్ట" అని గుసగుసలు లేచాయి. రెక్కలు ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి కొట్టుకున్న చప్పుడైంది. పండుగ పూట పాలపిట్ట బస్సెక్కి వచ్చి మరీ దర్శనమిస్తుంటే జనం ఊరుకుంటారా? కూర్చున్నవాళ్ళు లేచారు, లేచినవాళ్ళు చేతులు జోడించారు. కండక్టరు టోపీ తీశాడు. డ్రైవరు ఇంజను ఆపి వెనక్కి తిరిగి దండం పెట్టాడు. వామన్‌రావు కళ్ళు బిగించుకుని, రెండు చేతులూ గాల్లో చాచి, దొరికిన భుజాలను, కొంగులను, జమ్మికొమ్మలను తడుముతున్నాడు. అప్పుడు తల మీద ఏదో మెత్తగా వాలి, గోళ్ళతో పట్టు కుదుర్చుకుంది.

బస్సులో జోడించిన చేతులన్నీ ఆయన వైపు తిరిగాయి.

"సార్," అన్నాడు బాలకిషన్ మెల్లగా, "కండ్లు తెరువుండ్రి."

"తెరువ."

"మీ నెత్తి మీదనే ఉన్నది సార్."

"ఉండనీ. నువ్వు చూడకు."

"నేను చూసిన సార్."

కళ్ళు తెరిచినా తల మీది పిట్ట తనకు కనబడదన్న సంగతి ఆ క్షణాన హెడ్ క్లర్కుకు తట్టలేదు. కనురెప్పలను ఇంకా గట్టిగా బిగించి, "పట్టుండ్రి, ఎవరన్న పట్టుండ్రి, అది రేపటిది" అని వేడుకున్నాడు. ఎవరు పడతారు? దండానికి జోడించిన చేతులు విప్పి పాలపిట్టను పట్టేంత పాపాత్ముడు ఆ బస్సులో లేడు. నాలుగు సీట్ల అవతల నుంచి ఒక ముసలమ్మ దారి చేసుకుని వచ్చి ఆయన కాళ్ళకు మొక్కింది. పిట్ట తన వంతు ఆశీర్వాదం షేర్వాణీ కాలరు మీద వదిలి, కిటికీలోంచి బయటికి, పంచాంగం ప్రకారం నిండు దశమి ఉన్న ఆకాశంలోకి వెళ్ళిపోయింది. రెక్కల చప్పుడు ఆగాక, మరికొంతసేపు ఆగి, వామన్‌రావు కళ్ళు తెరిచాడు. బర్రె లేచి పక్కకు పోతోంది. దాన్ని మాత్రం ఆయన తనివితీరా చూశాడు.

ఇంట్లో సౌభాగ్య కొత్త చీరలో, మైదానం నుంచి అప్పుడే వచ్చి ఉంది. జమ్మి చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కబోతే, రేపు మొక్కు అని ఆయన కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. కాలరు మీది మరక ఏమిటని అడిగింది. కాకి, అన్నాడు.

గురువారం, సర్కారు వారి దసరా నాడు, ఆయన తెల్లవారకముందే మొజంజాహీ మార్కెట్ చేరాడు. రాజయ్య కంబళి కప్పుకుని ఖాళీ బుట్టల మధ్య పడుకుని ఉన్నాడు. తన పిట్టను వాపస్ తెచ్చారనుకుని చెయ్యి చాచాడు. జరిగింది విని కాసేపు నోరు పెట్టుకున్నాడు, తర్వాత పిట్ట ఖరీదు కూడా పెట్టించుకున్నాడు. ఇంకొకటి ఇయ్యమంటే నవ్వాడు. "అన్ని ఇడిచిపెట్టిన సారూ. పండుగ అయిపాయె గద." వామన్‌రావు అక్కడి నుంచి మైదానానికి నడిచాడు. అవును, నడిచాడు. గొడుగు మూసుకునే, ముఖం దాచుకోకుండా ఎండెక్కేదాకా ఆకాశం చూశాడు. దాచుకోవడానికి అక్కడ ఎవరూ లేరు. రెండు మేకలున్నాయి, అవి రాత్రి జనం పారేసిన జమ్మి ఆకు తింటున్నాయి.

దీపావళి లోపల ఆర్డరు వచ్చింది. బాలకిషన్ సూపరింటెండెంటు.

అతను ఆ కాగితం పట్టుకుని నేరుగా వామన్‌రావు బల్ల దగ్గరికి వచ్చి, దఫ్తరంతా చూస్తుండగా వంగి కాళ్ళకు దండం పెట్టాడు. "మీ పుణ్యమే సార్. ఆ పొద్దు మీ నెత్తి మీద పిట్టను చూడబట్టే," అన్నాడు. వెటకారం కాదు. అతనికి వెటకారం చేతనైతే ఇన్నేళ్ళలో ఎప్పుడో చేసి ఉండేవాడు. నిజంగానే అతని కళ్ళలో నీళ్ళున్నాయి. టైపు మిషన్లు ఆగాయి.

వామన్‌రావు ముందు రెండు దారులున్నాయి. పిట్ట వల్లే కుర్చీ వచ్చిందని ఒప్పుకుంటే, ముప్పై ఏళ్ళ ఉపన్యాసాలు గంగలో కలుస్తాయి. పైగా ఆ పిట్టకు కిరాయి కట్టిందెవరో బయటపడుతుంది. కాదంటే, తన కంటే బాలకిషనే పనిమంతుడని ఒప్పుకున్నట్టవుతుంది. ఆయన లేచి నిలబడి, గొంతు సవరించుకుని, మూఢనమ్మకాల మీద తన జీవితంలోకెల్లా గొప్ప ఉపన్యాసం ఇచ్చాడు. ఈ మధ్య రోజూ బస్సులో ఆయన దర్యాప్తు చేస్తూనే ఉన్నాడు కాబట్టి సాక్ష్యాలు కూడా ఉన్నాయి. పిట్టకు టోపీ తీసి మరీ మర్యాద చేసిన కండక్టరును ఎవరూ కోరని రూటుకు బదిలీ చేశారు. కాళ్ళకు మొక్కిన ముసలమ్మ ఆ సాయంత్రమే బస్సు దిగుతూ పడి దవాఖానలో చేరింది. డ్రైవరుకు ఆలస్యానికి జుర్మానా పడింది. ఇంతమందికి ఇవ్వని పిట్ట ఒక్క బాలకిషన్‌కే ఎట్లా ఇస్తుందని గర్జించాడు. తిరుగులేని వాదం. విన్నవాడు ఒక్కడూ లేడు. అందరి చూపూ ఆయన నోటికి జానెడు పైన, తెల్లజుట్టు పలచబడిన చోట నిలిచిపోయింది.

ఆ తర్వాతి దసరాకు వామన్‌రావు రిటైరై, నెత్తి మీద పడే చూపులకు జడిసి కొనుక్కున్న టోపీతో ఇంట్లో ఉన్నాడు. ఈసారి పండుగ ఒక్కటే రోజు. అయ్యగారికీ గెజిట్‌కూ తగాదా రాలేదు. మైదానంలో మాత్రం పాలపిట్ట ఒక్కటీ లేదు, రాజయ్య కూడా ఆ ఏడు కనబడలేదు. పొద్దు వాలుతుండగా గల్లీలోకి బాలకిషన్ భార్యా పిల్లలతో వచ్చాడు. వాళ్ళ వెనక దఫ్తరులోని ఇద్దరు టైపిస్టులు, వాళ్ళ వెనక ఎవరో ముక్కూముఖం తెలియని ఒక షావుకారి కుటుంబం. వాకిట్లో నిలబడి బాలకిషన్ వచ్చిన పని చెప్పడానికి సిగ్గుపడ్డాడు. చివరికి సౌభాగ్యతో చెప్పాడు. పిట్ట ఏడ కనబడ్తలేదమ్మా, పిట్ట వాలిన నెత్తినన్న చూసిపోదామని వచ్చినం.

సౌభాగ్య అరుగు మీద కుర్చీ వేసింది. లోపలికి వెళ్ళింది.

"బయటికొచ్చి కూసోండ్రి," అన్నది భర్తతో. "టోపీ తీసేయుండ్రి."

"నేనేమన్న సర్కస్ జంతువునా?"

"దఫ్తరుల ముప్పై ఏండ్లు కూసున్నరు, ఒక్కడన్న చూడ వచ్చిండా? ఇప్పుడొచ్చిన్రు. రాండ్రి."

వామన్‌రావు ఇంత మూర్ఖత్వానికి తాను ఒప్పుకోనని చెప్పాడు. చదువుకున్న గాడిదలు చదువురాని గాడిదలను వెంటేసుకుని వచ్చాయని కూడా చెప్పాడు. చెబుతూనే టోపీ తీసి చిలక్కొయ్యకు తగిలించాడు. అరుగు మీద సౌభాగ్య వేసిన కుర్చీలో, కళ్ళద్దాలు జేబులో పెట్టుకుని, ఎవరినీ చూడకుండా కూర్చున్నాడు. జనం ఒక్కొక్కరే ముందుకు వచ్చి, ఆయన తల కేసి చూసి, చేతులు జోడించి, జమ్మి ఆకు పాదాల దగ్గర పెట్టి పక్కకు తప్పుకుంటున్నారు. గల్లీ మొగ వైపు నుంచి ఇంకా ఎవరో వస్తున్న అలికిడైంది. పొద్దు తిరిగి అరుగు మీద, ఆయన నెత్తి మీద నీడ పడింది.

వామన్‌రావు లేచి, ఎవరి సాయమూ తీసుకోకుండా, కుర్చీని రెండు జానల మేర ఎండలోకి జరుపుకుని, మళ్ళీ కూర్చున్నాడు.